హాఫ్‌టైమ్ సన్మానం

ఇంట్లో నిచ్చెన లేదు. ష్యూచిన్ ఉండగా నిచ్చెన దేనికని అత్తగారు కొననివ్వలేదు. ఆరడుగుల మూడంగుళాల కోడలు కాపురానికొచ్చాక బల్బు మార్చాలన్నా, పొయ్యి మీది పొగగొట్టం జిడ్డు కడగాలన్నా, పై అరలో వెనిగర్ జాడీ దించాలన్నా ఎవరినీ పిలవాల్సిన అవసరం లేకపోయింది. ఆ ఎత్తు సంగతి వంటగట్టు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఆ గట్టు అత్తగారి నడుముకి సరిపోయేలా కట్టించింది. దాని ముందు క్యాబేజీ తరగాలంటే ష్యూచిన్ సగానికి వంగాలి. నడుం పట్టేసిందంటే, "ఆటలాడి ఆడి ఒళ్ళు గుల్ల చేసుకున్నావు, ఇప్పుడనుకుని ఏం లాభం" అంటుంది ఆవిడ. బాస్కెట్‌బాల్ కోర్టులో అన్నేళ్ళు ఎగిరి దూకినా రాని నడుంనొప్పి ఈ వంటింట్లో ఏడాదికే వచ్చిందని చెబితే వినే నాథుడెవరు?

ఆ శనివారం పొద్దున్న కూడా ఆవిడ, "అమ్మాయ్, సాయంత్రం బయల్దేరేలోపు హాల్లో కర్టెన్లు దించి ఉతికెయ్. నీకు చెయ్యెత్తితే అందుతాయి" అంది. ష్యూచిన్ దించింది. దించుతూ కూనిరాగం తీసింది కూడా. ఎందుకంటే ఆ రోజు ఆమె మనసు తేలిగ్గా ఉంది. సీజన్ మొదటి మ్యాచ్‌కి నిన్ను ప్రత్యేకంగా రమ్మన్నారు క్లబ్బు డైరెక్టర్ గారు, మంచి బట్టలు వేసుకో అని భర్త పెయ్‌జున్ రెండు రోజుల కిందటే చెప్పాడు. డైరెక్టర్ పిలిచాడంటే సంగతి ఒక్కటే అయి ఉంటుంది అనుకుంది ఆ పిచ్చిది. స్పెయిన్ సంగతి.

స్పెయిన్‌లో సముద్రం పక్కన ఒక చిన్న ఊరి జట్టులో ష్యూచిన్ మూడు సీజన్లు ఆడింది. అక్కడి కోచ్ మార్తా సెప్టెంబరులో ఫోన్ చేసింది. "మా పొడుగుపిల్ల మోకాలు పోయింది. జనవరికి నువ్వు రావాలి. పాపని కూడా తీసుకురా, ఇక్కడ చూసుకోవడానికి మనుషులున్నారు. ఆడగలవా?" అని అడిగింది. ఆడగలవా అని ఆమెని అడిగి ఎన్నాళ్ళయిందో. ఇంట్లో అందరూ ఆడలేదనే తీర్మానించేసుకున్నారు. ఆ మాట విని వంటింట్లో, కొర్రగంజి పొయ్యి మీద పొంగిపోతుంటే, ఆమె అలాగే నిలబడిపోయింది. ఆడగలను అంది. ఆ తర్వాత గట్టు తుడిచింది.

ఆడగలనన్నది గొప్పకి అన్న మాట కాదు. పురిటి తర్వాత నెల రోజులు అత్తగారు గది దాటనివ్వలేదు. తలస్నానం చేయనివ్వలేదు, కిటికీ తెరవనివ్వలేదు, పాలు పడాలని పందికాళ్ళ పులుసు వేరుశనగలేసి గిన్నెలకి గిన్నెలు తాగించింది. ఆ నెల గడవగానే ష్యూచిన్ కూరగాయల సంచీ పట్టుకుని మార్కెట్టుకని బయల్దేరేది. మార్కెట్టు వెనకాల కాలనీ పార్కులో సిమెంటు కోర్టుంది. అక్కడ రిటైరైన పెద్దమనుషులు కొందరు పొద్దున్నే బంతి ఆడతారు. మొదటిరోజు ఆమెని చూసి, "మా అందరి బీపీ పెంచడానికొచ్చావా తల్లీ" అని నవ్వారు. తర్వాత ఆమె షాట్లు వేస్తుంటే బంతులు అందించడం మొదలుపెట్టారు. ఇంటికెళ్ళాక, "రెండు వంకాయలు కొనడానికి ఇంతసేపా?" అని అత్తగారు. వంకాయలు బాగాలేవు, ఏరుకోవాల్సొచ్చింది అని ష్యూచిన్. ముప్ఫై రెండేళ్ళు వచ్చాక, దేశం జెర్సీ వేసుకున్నాక, తన ఆట తను ఆడుకోవడానికి వంకాయల మీద అబద్ధాలు చెప్పాల్సొచ్చింది.

అయితే స్పెయిన్ వెళ్ళాలంటే ఆమె ఒక్కతి సరేనంటే చాలదు. రాష్ట్రం క్లబ్బు జట్టు ఆమెని వదలాలి. ఆమె తొమ్మిదో ఏట క్రీడల బడివాళ్ళు వచ్చి మణికట్టుకి ఎక్స్‌రే తీశారు. ఎముకల మధ్య ఖాళీలు చూసి ఈ పిల్ల ఆరడుగులు దాటుతుందని తేల్చారు, హాస్టల్లో వేశారు. అప్పట్నుంచీ ఆమె పేరు ఆ జట్టు రిజిస్టర్లో ఉంది. పేరు వాళ్ళ దగ్గర ఉన్నంతకాలం వాళ్ళు ఊ అంటేనే బయట ఆడాలి, రమ్మంటే వచ్చెయ్యాలి. మూడో సీజన్లో మార్తా జట్టు లీగ్ ఫైనల్‌కి చేరింది. ఇంకో నాలుగు రోజుల్లో మ్యాచ్. డైరెక్టర్ పాంగ్ ఫోన్ చేశాడు. "జాతీయ క్రీడల క్యాంపు మొదలవుతోంది. రేపే బయల్దేరు. తొమ్మిదేళ్ళ పిల్లగా వచ్చావు, అన్నం పెట్టి ఇంతదాన్ని చేసింది రాష్ట్రం. నీ పేరు మా దగ్గర ఉన్నంతవరకు నువ్వు మా బిడ్డవి, అది మర్చిపోకు" అన్నాడు. వచ్చేసింది. క్యాంపులో మొదటి పది రోజులూ పరుగులు తీయించారు. స్పెయిన్‌లో ఆమె లేకుండా ఫైనల్ జరిగిపోయింది, మార్తా జట్టు ఓడిపోయింది. ఆ వేసవే పెయ్‌జున్‌తో పెళ్ళయింది.

పెయ్‌జున్ కూడా ఒకప్పటి ప్లేయరే. మోకాళ్ళు అరిగి ఆట మానేసి అదే క్లబ్బులో పిల్లల జట్టుకి కోచ్‌గా చేస్తున్నాడు. డైరెక్టర్ గదికి రోజూ వెళ్ళొచ్చే మనిషి, అందుకే ష్యూచిన్ ఆ సంగతి అతనికి అప్పజెప్పింది. "జనవరి ఎంతో దూరం లేదు, నువ్వు అడుగుతావా, నన్ను అడగమంటావా?" అంది. "నువ్వెందుకు, నేను చూసుకుంటాగా. ఆయన మూడ్ చూసి కదపాలి" అన్నాడు. వారం తర్వాత అడిగితే మాట్లాడుతున్నా అన్నాడు. మళ్ళీ అడిగితే, "నామీద ఆమాత్రం నమ్మకం లేదా?" అన్నాడు. నమ్మకం అనే మాట వచ్చాక భార్య ఇంకేం అడుగుతుంది? ఊరుకుంది. ఇప్పుడు డైరెక్టరే పిలిచాడంటే ఇక పని అయినట్టే అనుకుంది.

సాయంత్రం అత్తగారు లిప్‌స్టిక్ వేసుకుని గదిలోంచి వచ్చింది. కొడుకు ఆడినప్పుడు కూడా స్టేడియం గడప తొక్కని మనిషి. పాప దోదోకి ఎర్ర గౌను తొడిగింది. "మీరూ వస్తున్నారా అత్తయ్యా?" అంటే, "ఏం, రాకూడదా? ఇలాంటి రోజు మళ్ళీ వస్తుందా?" అంది. పెయ్‌జున్ తల్లి వైపు గబుక్కున చూశాడు. ఆవిడ నోరు నొక్కుకుని దోదో టోపీ సర్దింది. ష్యూచిన్‌కి అప్పుడైనా వెలిగి ఉండాల్సింది. ఒక్కోసారి మనిషికి తన సంతోషమే కళ్ళకి గంతలు కడుతుంది.

ముందు వరసలో కూర్చోబెట్టారు. మ్యాచ్ మొదలైంది. కోర్టు మీద బూట్లు కీచుమన్న చప్పుడుకి ఆమె పాదాలు వాటంతటవే కదిలాయి. ఎవరెక్కడ తప్పు నిలబడుతున్నారో, ఏ పిల్ల రీబౌండ్‌కి ఆలస్యంగా లేస్తోందో చూస్తూ, జనవరికి నేను ఎంత బరువు తగ్గాలి అని లెక్కలేసుకుంటూ కూర్చుంది. హాఫ్‌టైమ్ అయింది. ఉన్నట్టుండి దీపాలన్నీ ఆరిపోయాయి. పైన తెర మీద తన ఫోటో వెలిగింది.

తొమ్మిదేళ్ళప్పటిది. గుండు చేయించుకున్నట్టున్న క్రాపు, మోకాళ్ళ మీద దెబ్బలకి పూసిన గోధుమరంగు మందు. జనం ఓ అని అరిచారు. తర్వాత జాతీయ జెర్సీలో. తర్వాత స్పెయిన్‌లో, మార్తా మెడ మీద చెయ్యేసి. వెనక సన్నాయిలాంటి వాద్యమేదో జీరగా వాయిస్తున్నారు. చిన్ననాటి కోచ్ తెరమీదకొచ్చి కళ్ళు తుడుచుకున్నాడు. "పిల్ల చాలా కష్టపడింది" అన్నాడు. పడుతోంది అనకుండా పడింది అన్నాడేంటి అనుకుంది ష్యూచిన్. ఆ తర్వాత అత్తగారు కనిపించింది, ఇంట్లోనే, కొత్త సోఫా మీద కూర్చుని. "మా కోడలు ఇన్నాళ్ళూ దేశానికి సేవ చేసింది. ఇక ఇంటిపట్టున ఉంటుంది. చాలు తల్లీ, ఇక విశ్రాంతి తీసుకో" అంది. అప్పుడు అక్షరాలు పడ్డాయి, నిలువెత్తున, బంగారు రంగులో. 'వీడ్కోలు, మా పదకొండో నంబర్.'

ఎవరో చనిపోతే పెట్టే సభలా ఉంది, ఫోటోకి దండ ఒక్కటే తక్కువ. చచ్చిన మనిషి ముందు వరసలో కూర్చుని చూస్తోంది. పక్కకి తిరిగితే పెయ్‌జున్ సీట్లో లేడు. దోదోని ఎత్తుకుని, రెండో చేత్తో పూలగుత్తి పట్టుకుని, కోర్టు మధ్యలో వెలుతురులో నిలబడి ఉన్నాడు. జనం నిలబడి చప్పట్లు కొడుతున్నారు. అత్తగారు వీపు మీద తట్టి, "లే అమ్మాయ్, టీవీలో వస్తోంది" అంది.

ఎలా నడిచి వెళ్ళిందో తెలీదు. కాళ్ళకి ఆ చెక్కనేల అలవాటు కాబట్టి వెళ్ళిందంతే. డైరెక్టర్ పాంగ్ ఆమె జెర్సీని అద్దాల ఫ్రేములో పెట్టి చేతికిచ్చాడు. మైకు అందుకుని నిండుగా నవ్వాడు. "మన క్లబ్బులో ఒక కట్టుబాటుంది. భార్యాభర్తలు ఒకే జట్టు కింద ఉండకూడదు, పక్షపాతం అన్న మాట రాకూడదు. ఈ సోమవారం నుంచి పెయ్‌జున్ మన మహిళల సీనియర్ జట్టుకి కోచ్‌గా వస్తున్నాడు. భర్త ఎదుగుదల కోసం ష్యూచిన్ తనంతట తాను పక్కకి తప్పుకుంది. ఇలాంటి ఇల్లాళ్ళు ఈ రోజుల్లో ఎక్కడున్నారు చెప్పండి" అన్నాడు. చప్పట్లు ఇంకా పెద్దవయ్యాయి. ఆడవాళ్ళు కూడా కొట్టారు. తనతో గది పంచుకున్న పిల్లలు, బెంచీ మీద నిలబడి, ఏడుస్తూ కొట్టారు.

ష్యూచిన్ భర్త వైపు తిరిగింది. పెదవులు కదలకుండా అడిగింది. "నేను ఒప్పుకున్నానని చెప్పావా?"

"ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం."

"చెప్పావా?"

"అడిగితే నువ్వు ఒప్పుకోవు కదా" అన్నాడు పెయ్‌జున్. ఆ మాట ఎంత మామూలుగా అన్నాడంటే, వాన పడుతుందేమోనని గొడుగు తెచ్చానన్నంత మామూలుగా. "అందరూ చూస్తున్నారు. కాస్త నవ్వు. థాంక్స్ చెప్పి దిగిపో, రెండు ముక్కలు చాలు."

అదీ సంగతి. ఆమె ఒప్పుకోదని అతనికి ముందే తెలుసు. తెలియక చేసింది కాదు, పొరపాటున చేసింది కాదు. ఇన్ని వారాలు 'మాట్లాడుతున్నా' అంటూ మాట్లాడింది దీని గురించే. రోజూ రాత్రి ఆమె పక్కనే పడుకుని, పాప ఏడిస్తే ఆమెనే లేపి, పొద్దున్నే ఆమె చేసిన గంజి తాగి వెళ్ళి, ఆ గదిలో కూర్చుని ఆమె ఆట తీసేశాడు. అత్తగారికి తెలుసు. ఈ వీడియో తీసిన కుర్రాళ్ళకి తెలుసు. ఈ టికెట్లు కొన్న జనానికి కూడా తెలుసు, బయట పోస్టరు అంటించే ఉంటారు. తెలియనిది ఆమెకొక్కదానికే. కోపం వస్తుందనుకుంది, రాలేదు. లోపల ఏదో ఖాళీ అయిపోయి ఆ ఖాళీలో డైరెక్టర్ అప్పటి గొంతు ఒక్కటే మోగింది. నీ పేరు మా దగ్గర ఉన్నంతవరకు. ఉన్నంతవరకు. ఆమె ఫ్రేములోని జెర్సీ వైపు చూసింది. వాళ్ళే తీసి చేతిలో పెట్టారు, ఇంతమంది ముందు, కెమెరాలు పెట్టి మరీ.

మైకు ఆమె చేతికొచ్చింది. హాలు సద్దుమణిగింది.

"డైరెక్టర్ గారూ" అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఒక సందేహం, అడగొచ్చా?"

"అడుగమ్మా, ఈ రోజు నీది" అన్నాడాయన.

"రిటైరైన మనిషి పేరు జట్టు రిజిస్టర్లో ఉండదు కదండీ?"

ఆయన తన మైకులోనే నవ్వాడు. "ఎందుకుంటుంది? ఈ పూటతో తీసేసినట్టే. ఇక క్యాంపుల్లేవు, రమ్మని మా ఫోన్లు రావు. నీమీద మాకు ఏ హక్కూ లేదు. హాయిగా పాపని ఆడించుకో."

జనం కూడా నవ్వారు. అత్తగారు ముందు వరసలో లిప్‌స్టిక్ చెదరకుండా నవ్వింది. పెయ్‌జున్ ఊపిరి వదిలాడు, గండం గడిచిందన్నట్టు.

"ఆ మాట అందరూ విన్నారు కదా" అంది ష్యూచిన్. "కెమెరా వాళ్ళు కూడా. చాలా సంతోషం డైరెక్టర్ గారూ. ఇది నేను అడగలేదు, మీరే ఇచ్చారు. జనవరి నుంచి నేను స్పెయిన్‌లో ఆడబోతున్నాను."

పైన తెర మీద ఆమె మొహమే పెద్దగా ఉంది, ఆ మొహం నవ్వడం లేదు. డైరెక్టర్ పాంగ్ చేతిలోని మైకు ఇంకా నోటి దగ్గరే ఉండిపోయింది, అందులో ఆయన ఊపిరి వినిపిస్తోంది. పెయ్‌జున్ పూలగుత్తి జారి నేల మీద పడింది. ఎవరూ తీయలేదు. అతను ఏదో అనబోయాడు. "ఇంట్లో..." అని మొదలుపెట్టి, ఇంట్లో ఏమిటో అతనికే తట్టలేదు.

ష్యూచిన్ మైకూ ఫ్రేమూ కింద పెట్టింది. రెండు చేతులూ చాచింది.

"పాపని ఇలా ఇవ్వు" అంది.