భీమవరం ఉన్ని కోటు

నేను ఒక ఉన్ని కోటుని. బూడిద రంగు, మోకాళ్ళు దాటే పొడవు, పెద్ద పెద్ద బొత్తాలు, మోచేతి దాకా దిగిపోయేంత లోతైన జేబులు. లుధియానాలో పుట్టాను. నన్ను కుట్టిన ముసలి దర్జీ ఆఖరి బొత్తాం బిగించి, ఎదురుగా పట్టుకుని చూసి, ఇక మంచుకొండలదే ఆలస్యం అన్నట్టు తల ఊపాడు. పాపం, ఆయన భీమవరం పేరు విని ఉండడు.

మా ఊళ్ళో చలికాలం అంటే ఫ్యాను ఐదు మీద నుంచి మూడు మీదకు తిప్పడం. అయినా ఏటా కార్తీకం వెళ్ళేసరికి నేపాలీలు దిగి, రోడ్డు పక్కన తాళ్ళు కట్టి స్వెట్టర్లు వేలాడదీస్తారు. జనం వచ్చి తడిమి చూస్తారు, బేరమాడతారు, మెడ మీద చెమట తుడుచుకుని వెళ్ళిపోతారు. అలా వేలాడుతూ దుమ్ము కొట్టుకుపోతున్న నన్ను ఒకరోజు రిక్షా ఆపించి దిగిన కనకరత్నం గారు చూశారు. ఐసు ఫ్యాక్టరీ రామభద్రరాజు గారి భార్య అంటే ఊళ్ళో అందరికీ తెలుసు. అప్పటికి ఆవిడ వయసులో చిన్నవారే. ఆ ఏడు భార్యాభర్తలిద్దరూ బదరీ వెళ్ళాలని అనుకున్నారు. బేరమైనా ఆడకుండా నన్ను చంకన పెట్టుకుని ఇంటికి తెచ్చారు.

ఆ ఏడే రొయ్యల చెరువులకు తెల్లమచ్చ తెగులు తగిలింది. రొయ్యలు లేకపోతే ఐసు కొనేవాడు లేడు, బదరీ ఆగిపోయింది. నేను బీరువాలో పడ్డాను.

అక్కడే ఉండిపోతాననుకున్నాను కానీ, ఊరంతటికీ కోటు ఒక్కటే అయితే ఏమవుతుందో నాకు తెలియదు. ముందు ఆవిడ బావగారు సిమ్లా వెళ్తూ అడిగారు. తరువాత ఎదురింటివారు డార్జిలింగ్ వెళ్తూ అడిగారు. ఆ తరువాత కొత్తగా పెళ్ళయిన జంటలు, మానస సరోవరం వెళ్ళే భక్తులు, ఉత్తరాన ఏదో పెద్ద ఆస్పత్రికి వెళ్ళేవాళ్ళు, ఒకాయన లండన్‌కి. "మీ కోటు ఓసారి ఇప్పిస్తారాండీ" అంటే "ఆయ్, తీసుకెళ్ళండి" అనడమే ఆవిడకు తెలుసు. మా ప్రాంతంలో అడిగి తెచ్చుకున్న గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వరు. ఆ మర్యాద నాకూ జరిగేది. ప్రతిసారీ నా జేబుల్లో ఏదో ఒకటి పెట్టి పంపేవారు. సిమ్లా ఆపిల్స్, డార్జిలింగ్ టీ పొడి, బదరీ తులసి, కశ్మీరు అక్రోట్లు. ఆవిడ అవన్నీ తీసి పదిమందికీ పంచి, నన్ను బ్రష్షుతో దులిపి, కలరా ఉండలు వేసి మళ్ళీ బీరువాలో పెట్టేవారు. పెట్టేముందు తెచ్చిచ్చినవారిని తప్పకుండా అడిగేవారు.

"ఎలా ఉందండీ అక్కడ?"

"చలండి బాబూ."

అంతే. అంత దూరం వెళ్ళి మనుషులు మోసుకొచ్చే కబురు ఆ ఒక్క ముక్క. నాకే నోరుంటే తెల్లవార్లూ చెప్పేదాన్ని.

ఆవిడకు మంచు చూడాలని ఉండేది. ఐసు కాదు. ఐసు ఆవిడకు కొత్తా! దిమ్మలు దిమ్మలుగా ఫ్యాక్టరీ నిండా ఉంది. ఎవరూ కరెంటు పెట్టి గడ్డ కట్టించని మంచు, ఎవరి రొయ్యల కోసమూ కాని మంచు చూడాలి. ఒకసారి నన్ను దులుపుతూ ఆ మాట పైకే అన్నారు. గదిలో ఇంకెవరూ లేరు కాబట్టి నాతోనే అన్నారని నేను అనుకున్నాను. ముప్ఫై ఏళ్ళుగా నేను వెళ్ళని చలి లేదు, నన్ను కొన్న మనిషి మాత్రం నన్నొకసారైనా తొడుక్కోలేదు. నాకది చాలా అవమానంగా ఉండేది.

ఇలా ఉండగా అలాస్కా వచ్చింది. వచ్చింది అంటే రామభద్రరాజు గారి ఫోనులోకి వచ్చింది. పెద్ద ఓడ, రెండు పక్కలా మంచుకొండలు, మధ్యలో తోక ఎగరేస్తున్న తిమింగలం. ఆయన దాన్ని సాయంత్రం పేకాటలో రొయ్యపిల్లల హేచరీ భూపతిరాజు గారికి చూపించారు. భూపతిరాజు గారు మేతల డీలరు సుబ్బరాజు గారికి చూపించారు. ముగ్గురూ భార్యలతో సహా వెళ్ళాలని అక్కడికక్కడే తీర్మానించేశారు. ఆ రాత్రి కనకరత్నం గారు నన్ను బీరువాలోంచి తీసి హాల్లో కుర్చీ వీపుకు తగిలించారు. బొత్తాలు ఒక్కొక్కటే లాగి చూసి, వదులైనదాన్ని బిగించి కుట్టారు.

ఇక అక్కణ్ణుంచి ప్లానింగ్. వారం వారం మా హాల్లో సమావేశం. విజయవాడ ట్రావెల్స్ నుంచి ప్రవల్లిక అనే అమ్మాయి లాప్‌టాప్ పట్టుకుని వచ్చేది. కనకరత్నం గారు గారెలూ నాటుకోడి పులుసూ అందించేవారు. మొదటివారం నెల గురించి మాట్లాడారు. చలిదేశం కాబట్టి చలికాలంలోనే చూడాలని భూపతిరాజు గారి వాదన. ఆ కాలంలో అక్కడికి ఓడలే నడవవని ఆ పిల్ల చెప్పింది. చివరికి చెరువుల పని తక్కువగా ఉంటుందనీ, ఊళ్ళో పెళ్ళిళ్ళు ఉండవనీ ఆషాఢం ఖాయం చేశారు.

రెండో వారం వంటవాడి ప్రసక్తి వచ్చింది. యాత్రకు వెళ్తే వంటవాణ్ణి వెంట తీసుకెళ్ళడం మావాళ్ళ ఆచారం. కాశీకి తీసుకెళ్ళారు, రామేశ్వరం తీసుకెళ్ళారు. అలాస్కా ఏం పాపం చేసింది?

"మా పోతురాజుకి కూడా ఓ టిక్కెట్టు వేయించండమ్మా," అన్నారు సుబ్బరాజు గారు. "స్టవ్వు వాళ్ళదే వాడుకుంటాడు."

"సార్, ఓడలో పొద్దున్నుంచి అర్ధరాత్రి దాకా భోజనం పెడుతూనే ఉంటారు. బయటివాళ్ళని కిచెన్‌లోకి రానివ్వరు."

"రానివ్వరంటే? మనం మాట్లాడదామండీ. ఆ కెప్టెన్ ఎవరు? మనవాళ్ళకి ఎవరికైనా తెలిసినవాడా?"

ఆయన నార్వే దేశస్థుడని ఆ పిల్ల చెప్పింది. నార్వేలో మనవాళ్ళు ఎవరున్నారని మూడు ఫోన్లు అటూ ఇటూ తిరిగాయి. ఎవరూ దొరకలేదు.

మూడో వారం గదులు. మూడు గదుల బాల్కనీలూ వరసగా ఉండాలి, లేకపోతే ఒకరినొకరు పలకరించుకోవడం ఎలా? తరువాత పేకాట ఓడకు ఏ వైపున వేయాలన్నది వచ్చింది. మంచుకొండలు కనిపించే వైపు కూర్చుంటే ఆట మీద దృష్టి నిలవదని రామభద్రరాజు గారు అభ్యంతరం చెప్పారు. అందరూ ఒప్పుకున్నారు.

నాలుగో వారం సుబ్బరాజు గారు గారె తుంచుకుంటూ కొత్త సంగతి ఎత్తారు. "ఆడవాళ్ళు ఆ చలికి తట్టుకోగలరా అండీ? వాళ్ళ ఆరోగ్యం మనకి ముఖ్యం కదా."

మా ఇళ్ళల్లో ఎవరినైనా గౌరవంగానే మాట్లాడతారు. పసిపిల్లల్ని కూడా అండీ అనే పిలుస్తారు. రామభద్రరాజు గారు వంటింటి వైపు తిరిగి అంత గౌరవంగానూ అన్నారు. "రత్నం గారూ, మీరు రావద్దు లెండి. మీకసలే పడిశం. మేం వెళ్ళి వీడియో తీసుకొస్తాం, హాయిగా ఇంట్లో కూర్చుని చూద్దురు గాని."

ఆవిడ గారెల పళ్ళెం తెచ్చి అందరికీ మరో రెండేసి వేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పోతురాజుకు టిక్కెట్టు కోసం నార్వే దాకా ఫోన్లు చేసిన మనుషులు ఆవిడ టిక్కెట్టు కొట్టేయడానికి కుర్చీలోంచి లేవనైనా లేదు.

ప్రవల్లిక వెళ్ళిపోతుంటే ఆవిడ గుమ్మం దాకా వెళ్ళి గొంతు తగ్గించి అడిగారు. "ఆడవాళ్ళు ఒక్కళ్ళే వెళ్తారా అమ్మా, ఆ ఓడలో?"

"బోలెడుమంది ఆంటీ. మూడు వేలమంది ఉంటారు. ఒక్కళ్ళున్నట్టు ఎందుకుంటుంది?"

ఆవిడ లోపలికి వచ్చి, కుర్చీ మీద నుంచి నన్ను తీసి దులిపారు.

ఆ తరువాతి ఆదివారం రిహార్సల్. అవును, రిహార్సలే. చేతిలో ఐసు ఫ్యాక్టరీ పెట్టుకుని చలికి అలవాటు పడకుండా అలాస్కా వెళ్ళడమేమిటని రామభద్రరాజు గారికి తోచింది. రొయ్యల పెట్టెలు నిల్వ ఉంచే కోల్డ్ రూములో ఒక్కొక్కరూ అరగంట నిలబడాలి. బయట ఎండకు రేకులు పేలిపోతున్నాయి, ముగ్గురు పెద్దమనుషులూ మంకీ క్యాపులు పెట్టుకుని తలుపు ముందు వరస కట్టారు. కోటు ఒక్కటే, వంతులవారీగా.

మొదట రామభద్రరాజు గారు నన్ను తొడుక్కుని లోపలికి నడిచారు. కళ్ళజోడు మసక కమ్మితే తీసి ఒక పెట్టె మీద పెట్టారు. చుట్టూ చూశారు. నాలుగు అడుగులు వేశారు. ఆ తరువాత ఫ్యాక్టరీ మోటారు చప్పుడు ఎందుకో తేడాగా ఉందని గుర్తొచ్చి బయటికి వచ్చేశారు. భూపతిరాజు గారికి లోపలికి వెళ్ళగానే హేచరీకి ఫోన్ చేయాల్సిన పని తగిలింది. సుబ్బరాజు గారు తలుపు తెరిచి, వచ్చిన చలిని ముఖానికి పట్టించుకుని, "ఆయ్, తెలిసిపోయిందండి" అని మూసేశారు. ముగ్గురూ ఎండలోకి వెళ్ళి చేతులు రుద్దుకుంటూ నిలబడ్డారు.

అప్పుడే కనకరత్నం గారు ఫ్లాస్కులో అల్లం టీ పట్టుకొచ్చారు.

"సమయానికి వచ్చారు," అన్నారు రామభద్రరాజు గారు. "లోపల నా కళ్ళజోడు మర్చిపోయాను. కాస్త తెచ్చిపెడతారా?" అని, నన్ను విప్పి ఆవిడ భుజాల మీద కప్పారు.

ఆవిడ నా చేతుల్లోకి చేతులు దూర్చి బొత్తాలన్నీ పెట్టుకున్నారు. ముప్ఫై ఏళ్ళకు! అదీ కళ్ళజోడు కోసం. లోపలికి వెళ్ళి, కళ్ళజోడు తీసి నా జేబులో వేసుకున్నారు. కానీ వెనక్కు తిరగలేదు. నోట్లోంచి ఆవిరి వస్తుంటే చిన్నపిల్లలా మళ్ళీ మళ్ళీ ఊది చూసుకున్నారు. తరువాత ఒక రొయ్యల పెట్టె మీద కూర్చున్నారు. గోడ వైపు చూస్తూ ఊరికే కూర్చున్నారు. బయట టీ చల్లారింది, మగవాళ్ళు కంగారుపడి తలుపు బాదారు.

"ఏమైందండీ? బాగానే ఉన్నారా?"

"ఇంకాసేపు ఉందామనుకున్నానండీ," అన్నారు ఆవిడ కళ్ళజోడు అందిస్తూ. తుమ్మైనా తుమ్మలేదు.

మరుసటి వారం సమావేశంలో అలాస్కా మీద మనసులు విరిగాయి. అంత దూరం ఎందుకన్నారు. ఓడలో ఉప్పూ కారం ఉండవన్నారు. ఊటీ అయితే కొండలున్నాయి, చలీ మర్యాదగా ఉంటుంది, పోతురాజు వస్తాడు, పేకాటకు ఏ వైపు కూర్చున్నా ఫరవాలేదు. ఊటీ ఖాయమైంది. ఇన్నాళ్ళ శ్రమా ఫలించినందుకు ముగ్గురూ ఎంతో సంతోషించారు.

కనకరత్నం గారు పళ్ళెం బల్ల మీద పెట్టారు. "నేను అలాస్కాకే వెళ్తానండీ."

సుబ్బరాజు గారు చేతిలో గారె తిరిగి పళ్ళెంలో పెట్టేశారు.

"ఎవరితో అండీ?" అన్నారు రామభద్రరాజు గారు.

"ఓడలో మూడు వేలమంది ఉంటారటండీ."

"మరి మీ పడిశం?"

"కోల్డ్ రూములో రాలేదు కదండీ."

"డబ్బంటే..."

"పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమల కింద ఇచ్చిన చెరువుందండీ. ఇన్నాళ్ళూ దాని మీద వచ్చిన డబ్బు నేనెప్పుడూ అడగలేదు."

రామభద్రరాజు గారు అటూ ఇటూ చూశారు. ఇక దాచడానికేమీ మిగలక అసలు మాట బయటపడింది. "మరి నాకు భోజనం?"

"ఊటీకి పోతురాజు వస్తున్నాడు కదండీ," అన్నారు ఆవిడ అంతే గౌరవంగా.

ఆ తరువాత పాస్‌పోర్టు, వీసా, హైదరాబాదు ప్రయాణాలు అయ్యేసరికి మరో ఆషాఢం వచ్చింది. ఊటీ ప్లానింగ్‌కూ సరిగ్గా అంతే పట్టింది. వెళ్ళేముందు ఆవిడ అలవాటు ప్రకారం ఆయన పెట్టె సర్దారు. పంచెలూ, మందులూ, పేకముక్కలూ అన్నీ పెట్టారు. ఆ తరువాత తన పెట్టె సర్దుకున్నారు.

ఓడ మీద మొదటి రెండు రోజులూ ఆవిడకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎవరైనా పళ్ళెం పెడితే లేచి తనే తీయబోయేవారు. మూడో రోజు కూర్చునే ఉన్నారు. నిజం చెప్పాలంటే చలి నేను ఊహించినంత లేదు. చాలామంది పల్చటి జాకెట్లతో తిరుగుతున్నారు, నన్ను చూసి కొందరు నవ్వుకున్నారు కూడా. రొయ్యల వాసన ఇంకా కాస్త ఉందేమో, పక్క కుర్చీలో దొరసాని కొంచెం జరిగి కూర్చుంది. నేను పట్టించుకోలేదు. ఇన్నాళ్ళకు నా ఒళ్ళు ఆవిడతో నిండి ఉంది.

ఆ సాయంత్రం ఓడ ఒక మంచుకొండ ముందు ఆగింది. కొండ కాదు, నీళ్ళలోకి దిగిన గోడ. నీలంగా, చీలికలు చీలికలుగా, కంటికి ఆనని దూరం దాకా ఉంది. చూస్తుండగా ఒక పెళ్ళ విరిగి, పెద్ద చప్పుడుతో నీళ్ళలో పడింది. కనకరత్నం గారు రెయిలింగు పట్టుకుని ఏడ్చేశారు. తుడుచుకోలేదు. ఎవరు చూస్తారనీ అనుకోలేదు. నేను హిమాలయాలు చూశాను, కశ్మీరు చూశాను. ఇంత సంతోషం ఎవరి ఒంటి మీద ఉండగానూ ఎరగను.

అప్పుడు ఫోను మోగింది. ఊటీలో అప్పుడే తెల్లవారుతోందట. బయట వాన కురుస్తోందనీ, పోతురాజు దుప్పటి ముసుగు తీయడం లేదనీ రామభద్రరాజు గారు గజగజ వణుకుతూ చెప్పారు. వెనక పెట్టెలోంచి బట్టలు తీసి పారేస్తున్న చప్పుడు కూడా వినిపించింది.

"రత్నం గారూ, పెట్టె అంతా వెతికానండీ. మన కోటు ఎక్కడ పెట్టారు?"

ఆవిడ మంచుకొండ మీద నుంచి చూపు తిప్పలేదు.

"నేను వేసుకున్నానండీ," అన్నారు.