ఇంకా నేల మీద పడని నెలీదా

పొద్దున్నే హెర్లిండాకు నాలుగు పనులు. కాఫీ కాచడం, రొట్టెలు కాల్చడం, వాకిట్లో నీళ్ళు చల్లడం, కూతురు నెలీదాను కట్టేయడం. మొదటి మూడూ ఎవరు చేసినా ఊరుకునేది గానీ, నాలుగోది ఎవరికీ అప్పగించేది కాదు. బట్టలారేసే తాడు కూతురి నడుముకు రెండు చుట్లు చుట్టి, రెండో కొస తన మోచేతికి వేసుకుని, కూతురు పనిచేసే, పంపరపనసలు పెట్టెలకెత్తే షెడ్డు దాకా నడిచేది. నెలీదా ఆమె పక్కనే, నేలకు మూరెడు ఎత్తున, చెప్పులు అరగకుండా వచ్చేది.

రెండేళ్ళ కిందట పెద్ద రోడ్డు మీద, అడ్డొచ్చిన లారీని తప్పించబోయి వాళ్ళ కారు పల్టీ కొట్టింది. సీటు బెల్టు బకిల్ దానంతటది ఊడింది. నెలీదా కిటికీలోంచి ఎగిరిపోయింది. ఎగిరింది గానీ కింద పడలేదు. అంబులెన్సు వాళ్ళు వచ్చేసరికి తుమ్మకొమ్మ పట్టుకుని వేలాడుతూ, అమ్మకు దెబ్బలు తగిలాయేమో చూడమని వాళ్ళను తొందరపెడుతోంది. అమ్మకు నుదురు చీరుకుని రక్తం కారింది, అంతే. ఆసుపత్రిలో నెలీదాకు ఎక్స్‌రేలు తీసి ఎముకలన్నీ బాగానే ఉన్నాయన్నారు. మనిషి ఇంకా పడాల్సి ఉందని చీటీ మీద రాసి పంపేశారు.

షెడ్డు మేస్త్రీ నెలీదాను పై వరస బల్ల దగ్గరికి మార్చాడు. అక్కడ నిచ్చెన ఖర్చు మిగిలింది అతనికి. కాళ్ళ మీద నిలబడి చేసే పని కాదు కాబట్టి, మధ్యాహ్నం అందరూ కూర్చునే పావుగంట ఆమెకు వర్తించదన్నాడు. కత్తి దిగిన పండుకు ఎలా ఉంటుందో అలా ఉంది నాకు, అంది నెలీదా చేతిలో పండును చూస్తూ. మళ్ళీ పనిలో పడింది.

వీటన్నిటికీ ఓర్చుకున్న పిల్ల పరిహారం అడిగితే కార్ల కంపెనీ జవాబుగా రాసిన ఒక్క ముక్కకు ఓర్చుకోలేకపోయింది. ప్రయాణికురాలు బెల్టు పెట్టుకోలేదు, అని. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, మా వీధి వీధంతా ఆ ముక్కే నమ్మింది. కాగితం మీద అచ్చయి వచ్చింది మరి. ఈ కాలం పిల్లలు అంతే, బెల్టు పెట్టుకుంటే జాకెట్టు నలుగుతుందంటారని చర్చి మెట్ల మీద చెప్పుకున్నాం. ఆమె మా తలల మీదుగా వెళ్తూ వింది.

కేసు బ్రిసెన్యో అనే లాయరు పట్టాడు. బెల్టు పెట్టుకున్న మనిషి విసురుకు ఆ పట్టీ మీద గీతలు పడతాయని, అవే మనకు సాక్ష్యమని, పెరట్లో పెట్టిన కారును దేవుడొచ్చి అడిగినా ముట్టుకోవద్దని హెర్లిండాకు మూడుసార్లు చెప్పాడు. ఆమె మూడుసార్లూ తలూపింది. అయితే పిల్ల బతికినందుకు తొమ్మిది రోజుల జపమాల మొక్కుంది. ఇంట్లో చోటు చాలక, చివరి రోజు అందర్నీ పెరట్లోకి పిలిచింది. నలుగురూ వచ్చి కూర్చునే చోట రక్తం మరకల కారు ఎలా ఉంచుతుంది? బ్లీచింగు పోసి, ఇనప బ్రష్షుతో, ఆ పట్టీని పీచులు లేచేదాకా తోమింది.

కంపెనీ లాయరు విట్‌లాక్ అదే పట్టుకున్నాడు. ఎందుకు కడిగారమ్మా అని బోనులో ఆమెను మెత్తగా అడిగాడు.

"ఇంటికి జనం వస్తున్నారు బాబూ. మీ ఇంటికి జనం వస్తే మీ అమ్మ కడగదా?"

జ్యూరీలో నలుగురైదుగురు నవ్వారు. విట్‌లాక్ కూడా నవ్వి, వాళ్ళ వైపు తిరిగి, ఈమె కడిగింది మరకల్ని కాదు, సాక్ష్యాన్ని అన్నాడు. హెర్లిండా దిగి వచ్చి కూర్చుని, సాయంత్రం దాకా తల ఎత్తలేదు.

మర్నాడు అతను అదే రకం సీటు, అదే రకం బెల్టు కొత్తవి తెప్పించి కోర్టు మధ్యలో బిగించాడు. తాడు విప్పించి నెలీదాను అందులో కూర్చోబెట్టాడు. బకిల్ బిగించాడు. ఆమె ఒళ్ళు పైకి లాగుతుంటే పట్టీ కర్రలా బిగుసుకుంది. విట్‌లాక్ ముఖం వెలిగిపోయింది.

"చూశారుగా. గాల్లో తేలే మనిషినే ఆపింది. పెట్టుకుని ఉంటే ఆ రోజు ఆపేది కాదా?"

అంటూ, సంతలో గుర్రాన్ని అమ్మేవాడు దాని తొడ మీద చరిచినట్టు, బకిల్ వెనక అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టాడు.

టక్కుమంది. నెలీదా లేచి వెళ్ళి కప్పుకు తగిలింది.

కారు పల్టీ కొట్టిన రోజు ఆమె తుంటి తగిలింది సరిగ్గా అక్కడే, బకిల్ వెనకే. బ్రిసెన్యో సగం లేచి, తానడగాల్సిందేమీ లేదని చెప్పి కూర్చున్నాడు.

విరామంలో విట్‌లాక్ ఆమె కిందకి వచ్చి, మెడ వెనక్కి వాల్చి, బేరం మొదలుపెట్టాడు. పెద్ద మొత్తమే. ఒకటే షరతు, బకిల్ సంగతి ఎక్కడా ఎత్తకూడదు.

"ఈ బకిల్ ఇంకా ఎన్ని కార్లలో ఉంది సార్?" అంది పైనుంచి.

అతను అది ఈ కేసుకు సంబంధం లేని విషయమన్నాడు.

"అయితే నేను పైనే ఉంటాను."

తల్లి తాడు విసిరినా అందుకోలేదు. జ్యూరీ లోపలికి వెళ్ళి మూడు గంటల తరవాత వచ్చేదాకా ట్యూబులైటు పక్కనే ఉంది. జ్యూరీకి పెద్ద, టైర్ల కొట్టు నడిపే నెరిసిన గడ్డం మనిషి. కళ్ళజోడు సర్దుకుని మొదటి ప్రశ్న చదివాడు. ప్రమాద సమయంలో ఆమె బెల్టు పెట్టుకుని ఉందా?

"పెట్టుకుని ఉంది."

నెలీదా దిగడం మొదలుపెట్టింది. ఈక దిగినట్టు కాదు. రెండేళ్ళ కిందటి వేగమంతా ఎక్కడో దాచిపెట్టినట్టు, ఒక్కసారిగా, బరువుగా వచ్చి చెక్కనేల మీద పడింది. ఎడమ చీలమండ విరిగిన చప్పుడు ఆ గదిలో వినపడని వాళ్ళు లేరు. హెర్లిండా పరిగెత్తుకెళ్ళి తల ఒళ్ళో పెట్టుకుంది.

"అమ్మా, నొప్పి," అంది నెలీదా. ఆ మాట రెండేళ్ళలో ఒక్కసారీ అనలేదు.

విట్‌లాక్ లేచాడు. గొంతు సవరించుకుని, ఈ గాయం ఇప్పుడు, ఈ కోర్టులో జరిగిందనీ, దీనితో తమ కంపెనీ కారుకు ఏ సంబంధమూ లేదనీ రికార్డులో రాయమన్నాడు.

జడ్జి పక్కన ప్రతి మాటా టైపు చేసే ఆవిడ మీటల మీదనుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

గడ్డం మనిషి ఇంకా నిలబడే ఉన్నాడు. నేల మీద పిల్లను చూశాడు. విట్‌లాక్‌ను చూశాడు. చేతిలో కాగితాన్ని మడతపెట్టాడు.

"అయ్యా," అన్నాడు జడ్జితో, "నష్టపరిహారం ఎంతన్నది రెండో ప్రశ్న. అది ఇంకా చదవలేదు. మమ్మల్ని మళ్ళీ లోపలికి పంపండి. ఆ అంకె తప్పు రాశాం."