అరచేతిలో చుక్క

ఆ ఇంట్లో వంట చేసేది అత్తగారు, రుచి చూసేది కోడలు. గిన్నె కుతకుత ఉడుకుతుంటే అత్తగారు గరిటెతో ఒక చుక్క తీసి, ఉఫ్‌మని ఊది, కోడలి అరచేతిలో వేస్తుంది. "చెప్పు" అంటుంది. ఉప్పు చాలలేదంటే మారు మాట్లాడకుండా చిటికెడు వేస్తుంది. పులుపెక్కువైందంటే కాసిని నీళ్ళు పోస్తుంది. తాను మాత్రం ఆ గరిటెను నోటి దగ్గరికి తీసుకోదు.

కాపురానికొచ్చిన కొత్తలో కోడలు అది తనకిచ్చే గౌరవమనుకుని మురిసిపోయింది. ఏడాది తిరిగేసరికి అది పరీక్ష అనిపించింది. ఆ పైన ఒట్టి పెత్తనమని తేల్చేసింది. "అంత చెయ్యి తిరిగిన మనిషికి నా నాలుకతో పనేంటే? నాకేమన్నా తెలుసో లేదో చూడ్డానికి కాకపోతే!" అని కుట్టుమిషన్ల షెడ్డులో తోటి దర్జీలతో అని నవ్వేది. ఆ నవ్వు పెదాల దాకానే ఉండేది.

చెయ్యి తిరిగిన మనిషన్న మాట మాత్రం నిజం. మామగారు వంతెనలు కట్టే మేస్త్రి. ఒక వంతెన లేచి నిలబడితే చాలు, సామాను సర్దుకుని ఇంకో ఊరు పోవడమే ఆ కుటుంబానికి అలవాటు. అలా దిగిన ప్రతి ఊళ్ళోనూ అత్తగారు పక్కింటి పొయ్యి దగ్గర పీట వేసుకుని కూర్చుని, ఆ ఊరి వంటకమొకటి పట్టుకొచ్చేది. కొండ మీది ఊరి నుంచి పొగబెట్టిన మాంసం. గనుల ఊరి నుంచి ఎండు చిక్కుడుగింజల కూర. రేవు ఊరి నుంచి ఎండబెట్టిన పుల్లపళ్ళతో చేపల కూర. మామగారు తాను కట్టిన వంతెనల కంటే పెళ్ళాం వంటల గురించే ఎక్కువ చెప్పుకునేవాడు.

అయితే రేవు ఊరితో ఆ జాబితా ఆగిపోయింది. ఆ తర్వాత కూడా వాళ్ళు చాలా ఊళ్ళు తిరిగారు. అడిగితే అత్తగారు "అక్కడ తిండి నా కంటికానలేదమ్మాయ్" అనేది. కంటికానని ఆ ఊళ్ళలో చిట్టచివరిది కోడలి పుట్టిన ఊరు. కోడలి కడుపులో ముల్లు అక్కడే ఉంది.

వాళ్ళమ్మ చేసే గుమ్మడికాయ కూర అంటే కోడలికి ప్రాణం. ముక్కల్ని బొగ్గుల మీద తొక్క మాడేదాకా కాల్చి, నువ్వులు వేయించి నూరి కలపాలి. ఎన్నిసార్లు వండి పెట్టినా అత్తగారు వంచిన తల ఎత్తకుండా తినేసి, చెయ్యి కడుక్కుని లేచిపోయేది. బాగుందనేది కాదు, బాగోలేదనేది కాదు. ఆ ఒక్క మాట కోసం కోడలు కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసింది.

ఒక ఆదివారం మామగారి పాత గ్యాంగు మనుషులు మధ్యాహ్న భోజనానికి వస్తున్నారు. వాళ్ళలో పెద్దవాడు పొడుగు వెల్డరు. వాళ్ళందరూ ఒకప్పుడు ఆవిడ చేతి వంట తిని వంతెనలెక్కినవాళ్ళే. కోడలు ముందురోజే మంచి గుమ్మడికాయ ఒకటి కొనుక్కొచ్చి గూట్లో పెట్టుకుంది.

"అత్తయ్యా, చేపల కూరతో పాటు నా గుమ్మడికాయ కూర కూడా పెడదామా?" అని పొద్దున్నే అడిగింది.

అత్తగారు చేపలు కడుగుతూ తలెత్తలేదు. "వద్దులే. ఎలా ఉంటుందో నాకు తెలియని వంట నలుగురి ముందు పెట్టలేను."

ఎన్నేళ్ళుగా తింటోంది, తెలియకపోవడమేమిటి! కోడలికి ఒళ్ళు భగ్గుమంది. నోరు మూసుకుని ఉల్లిపాయలు తరిగింది. ఆ పూట ఉల్లిపాయలు పడిన బాధ ఇంతా అంతా కాదు. అత్త మీద కోపం దుత్త మీద అని ఊరికే అన్నారా!

అతిథులు తొందరగానే దిగారు. పొడుగు వెల్డరు తిన్నగా వంటింటి గుమ్మంలోకొచ్చి, తల తగలకుండా వంగి, "వదినా, వాసన వీధి చివరికొస్తోంది!" అని కబుర్లలోకి దింపాడు. అత్తగారు నవ్వుతూ గుప్పెడు ఉప్పు వేసింది. మాటల్లో పడి, ఇంకో గుప్పెడు వేసింది. కోడలు చూసింది. చెబుదామని నోరు తెరిచింది, తెరిచిన నోరు మూసేసింది.

వెల్డరు వెళ్ళాక ఎప్పటిలాగే చుక్క అరచేతిలో పడింది. "చెప్పు."

నాలుకకు తగలగానే కోడలికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది కూర కాదు, ఉప్పునీళ్ళు. అంత గొప్ప వంటమనిషివి కదా, నీ గ్యాంగు ముందే నీకు తెలిసిరానీ, అనుకుంది.

"సరిగ్గా సరిపోయింది అత్తయ్యా."

"అయితే దించెయ్" అని అత్తగారు పొయ్యి ఆర్పేసింది.

రోజూ అందరూ తిన్నాకే తినే మనిషిని వెల్డరు ఆ రోజు బలవంతాన కూర్చోబెట్టాడు. "ఎన్నాళ్ళని మాకు వడ్డిస్తారు వదినా? అమ్మాయి పెడుతుంది, రండి." కోడలు అందరికీ అన్నం, చేపల కూర వడ్డించి గోడకు ఆనుకుని నిలబడింది. ఆవిడ మొదటి ముద్ద ఉమ్మేస్తుంది, లోకమంతా వినేలా తనమీద అరుస్తుంది, తనూ నాలుగు మాటలతో కడిగేస్తుంది. దానికి సిద్ధపడే ఉంది.

మామగారు ముద్ద నోట్లో పెట్టుకుని అలాగే ఆగిపోయాడు. ఒకాయన గ్లాసు ఎత్తి దించలేదు. ఇంకొకాయన ముద్దను ఈ దవడ నుంచి ఆ దవడకు మార్చుకుంటున్నాడు.

అత్తగారు తింటోంది. హాయిగా, వేళ్ళు నాక్కుంటూ తింటోంది. గిన్నెలోంచి ఇంకో గరిటెడు పులుసు వేసుకుంది. తలెత్తి అందరి మొహాలూ చూసి, "ఏంటి, ఎవరూ మాట్లాడరేం? చేప బాగా కుదిరింది కదూ?" అంది.

పరువు కోసం నటిస్తోందేమో అనుకుని కోడలు కళ్ళప్పగించి చూసింది. అది నటన కాదు. ఆ మొహంలో అనుమానమన్నదే లేదు. ఎదుటివాళ్ళ మెచ్చుకోలు కోసం ఎదురు చూస్తున్న ఆశ మాత్రమే ఉంది. కోడలికి అప్పుడర్థమైంది. ఈవిడకు రుచి తెలియదు. ఈవిడకు ఏమీ తెలియదు!

వెల్డరు మాత్రం మాట దాచుకునే రకం కాదు. "వదినా, మీ ఉప్పు తిన్నవాళ్ళం కాబట్టి కాదనలేం గానీ, వచ్చే ఏడాదిది కూడా ఇవాళే తినిపించేస్తున్నారు!" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు.

అత్తగారి చెయ్యి కంచంలోనే ఆగింది. ఆవిడ కూర వైపు చూడలేదు. గోడకు ఆనుకున్న కోడలి వైపు చూసింది. ఆ చూపులో కోపమే ఉంటే కోడలు తట్టుకునేది. తెలిసిన తోవలో కాలుపెడితే అక్కడ నేల లేనట్టు చూసిందావిడ.

అంతలోనే తేరుకుని నవ్వేసింది. "వయసు మీద పడింది మరి, రెండుసార్లు వేసుంటాను. అమ్మాయిది ఇంకో కూరుంది, పట్టుకొస్తాం ఉండండి" అని లేచింది.

వంటింట్లోకి వెళ్ళి, కోడలు వెనకే రాగానే తలుపు దగ్గరికి వేసింది. కోడలి మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

"నువ్వు సరిపోయిందన్నావు" అంది అత్తగారు.

"మీకు... మీకు తెలియలేదా అత్తయ్యా?"

"తెలిస్తే నిన్నెందుకు అడుగుతానే?" ఆవిడ గొంతు పెరగలేదు. "రేవు ఊళ్ళో జ్వరమొచ్చి పడిపోయానని విన్నావుగా. లేచాక టీ తాగితే వేడినీళ్ళలా ఉంది. వాసన లేదు, రుచి లేదు. ఇవాళొస్తుంది, రేపొస్తుందని చూశాను. రాలేదు."

"మావయ్యకి?"

"ఊరూరా నా వంట గురించి టముకేసుకుని తిరిగే మనిషి. ఆయనకేమని చెప్పను? నీ మొగుడు చిన్నప్పుడు గిన్నె వదిలేవాడు కాదు. వాడి మొహం చూసి ఉప్పు వేసుకునేదాన్ని. తర్వాత నువ్వొచ్చావు. ఇక పరవాలేదనుకున్నాను. నీ నాలుకే నా నాలుక అనుకున్నాను."

కోడలికి ఏడుపు తన్నుకొచ్చింది. ఏం మాట్లాడుతున్నానో తెలియకుండానే, ఏళ్ళుగా దాచుకున్నది బయటపెట్టేసింది. "నా వంట ఒక్కసారైనా బాగుందనలేదు మీరు. ఒక్కసారి!"

అత్తగారు ఆశ్చర్యంగా చూసింది. "ఎలా ఉందో తెలియకుండా బాగుందని ఎలా అంటానమ్మా? తిండి దగ్గర నేనెప్పుడూ అబద్ధం చెప్పలేదు."

ఆ మాట తగలవలసిన చోట తగిలింది. అత్తగారు గూట్లోంచి గుమ్మడికాయ దించి కోడలి చేతిలో పెట్టింది. "తొందరగా కానీ, పాపం ఆకలితో ఉన్నారు."

కోడలు ముక్కలు కోసింది, బొగ్గులు రాజేసింది. అత్తగారు పక్కన కూర్చుని నువ్వులు నూరి ఇచ్చింది. ఆ కూరను అతిథులు గిన్నె అడుగు కనిపించేదాకా తిన్నారు. "ఇన్నాళ్ళూ ఈ కూర ఎక్కడ దాచారు వదినా?" అన్నాడు వెల్డరు. మామగారైతే వేళ్ళు నాకి, "మా కోడలి ఊరి వంట! అక్కడా వంతెన కట్టాను నేను" అని మొదలుపెట్టాడు. కోరుకున్నదంతా ఒక్క పూటలో దొరికింది. కోడలికి ఒక్క ముద్దా గొంతు దిగలేదు.

మర్నాడు పొద్దున షెడ్డుకు వెళ్ళే ముందు కోడలు వంటింట్లోకి వచ్చింది. పొయ్యి మీద చిక్కుడుగింజలు ఉడుకుతున్నాయి. అత్తగారు గరిటె తిప్పుతోంది గానీ చుక్క తియ్యలేదు. కోడలు పిలవకుండానే అరచెయ్యి చాపింది.

అత్తగారు ఆ చేతివంక చూసింది. చివరికి చుక్క తీసి, ఉఫ్‌మని ఊది, చేతిలో వేసింది. "చెప్పు" అనలేదు.

కోడలు నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, మళ్ళీ ఒకసారి చప్పరించింది. "కాస్త ఉప్పు పడాలి అత్తయ్యా."

అత్తగారు చిటికెడు తీసింది. గిన్నె దాకా వెళ్ళిన చెయ్యి గాల్లోనే ఆగింది.

"నిజమేనా?" అంది.

ఇన్నేళ్ళలో ఆ మాట ఆవిడ ఎప్పుడూ అడగలేదు.