తూర్పు వైపు కాళ్లు

నేను ఒక శవపెట్టెను. అలా ఉలిక్కిపడకండి, ప్రస్తుతం ఖాళీగానే ఉన్నాను.

కాలవ గట్టు మీది మా చర్చికి తలుపులు చేయగా మిగిలిన వేపచెక్కతో వడ్రంగి నన్ను బిగించాడు. ఎవరి పెట్టె వారు కొనుక్కునే స్తోమత లేని సంఘం గనక నేను అందరికీ ఉమ్మడి. సమాధుల దొడ్డి దాకా మోస్తాను. అక్కడ తెల్లగుడ్డ చుట్టిన మనిషి గోతిలోకి, నేను తిరిగి చర్చి వెనక గదిలోకి. ఆదివారం వస్తే “ప్రభువా, త్వరగా రా” అని గొంతు చించుకునేవాళ్లే, చాపల కోసం ఆ గదిలోకొచ్చి నన్ను చూడగానే మొహం తిప్పుకుంటారు. ఆయన రావాలిగానీ తాము పోకూడదు. నేనేం అనుకోను, అలవాటైపోయింది.

మా వాళ్లకో నియమం ఉంది. ప్రభువు తూర్పు నుంచి వస్తాడని గోతిలో అందరి కాళ్లూ తూర్పుకే పెడతారు. చివరి రోజున కడబూర మోగగానే గోతుల్లోంచి లేచి నిలబడితే ఆయన ఎదురుగా కనబడాలి కదా! దీనికి మోసేవాళ్లు బుర్ర వాడనక్కర్లేదు. దొడ్డి గేటు పడమట ఉంది. కాళ్లు ముందుగా నడిచిపోతే అవే తూర్పుకు వస్తాయి.

మా సంఘంలోని గిద్యోను పోయిన రోజు కుండపోత వాన. గేటు దగ్గర మోకాటిలోతు నీళ్లు. ఆడవాళ్లను చర్చిలోనే ఉంచి, మగవాళ్లు నన్నెత్తుకుని చుట్టూ తిరిగి, తూర్పు కంచె సందులోంచి లోపలికి దూరారు. అలవాటు చొప్పున కాళ్లే ముందు. దించారు, పూడ్చారు, తల వైపు సిలువ పాతారు, ఇళ్లకు పరుగెత్తారు. దిక్కు మారి కాళ్లు పడమటకు వచ్చాయని నాకు తెలుసు. నన్నెవరడిగారు గనక!

మూడో రోజు పూలు పట్టుకెళ్లిన ఆయన భార్య తబితమ్మకు విషయం అర్థమైంది. అందరి సిలువలూ పడమట, ఆయనది తూర్పున. నేరుగా వచ్చి నా గది ముందే పాస్టరు గారిని నిలదీసింది.

“అయ్యగారూ, మా ఆయన్ని తిప్పి పెట్టించండి.”

“దేవుడికి దిక్కులేందమ్మా? ఎటు పడుకున్నా లేపుతాడు.”

“అట్టయితే ఇన్నాళ్లూ అందరి కాళ్లూ తూర్పుకెందుకు పెట్టించారు?”

పాస్టరు గారు దగ్గారు. వేదాంత కళాశాలలో ఈ పాఠం చెప్పినట్టు లేరు.

“ఆయనకి చెవుడయ్యగారూ. బూర ఊదినా వినపడదు. వెలుగన్నా మొహాన పడితే లేస్తాడనుకున్నా. ఇప్పుడు దానికి నడినెత్తి చూపిస్తా పడుకున్నాడు. మేమందరం లేచిపోయి, ఆయనొక్కడే ఆడ ఉండిపోతే?” అని తబితమ్మ భోరుమంది.

మట్టి కప్పిన మనిషిని మళ్లీ తవ్వడానికి సంఘ పెద్దలు ససేమిరా అన్నారు. ఆ తర్వాత తబితమ్మ చర్చికి వచ్చేదిగానీ, రాకడ పాట ఎత్తుకోగానే నోరు బిగించి కూర్చునేది. ఎవరైనా అడిగితే, “మా ఆయన సంగతి తేలేదాకా ప్రభువుని కాస్త ఆగమనండి” అనేది. ప్రభువును ఆగమన్న మనిషిని నేను ఆమెనే చూశాను.

ఒక ఆదివారం ఉన్నట్టుండి ఆ పాటను అందరికంటే గట్టిగా పాడింది. ఆరాధన కాగానే పాస్టరు గారి దగ్గరకు వెళ్లింది.

“నేను పోతే ఆయన పక్కనే పెట్టండి. నా కాళ్లు తూర్పుకే.”

“అప్పుడు మీ తల ఆయన కాళ్ల దగ్గరకొస్తుంది కదమ్మా?”

“రానీయండి. నలభై ఏళ్లు కాళ్లు పట్టి ఈడిస్తేగాని మంచం దిగలా. ఆ రోజు మాత్రం తనంతట తాను లేస్తాడా?”

మొన్న ఎండాకాలంలో ఆమెనూ నేనే మోశాను. గేటులోంచే వెళ్లాం. పాస్టరు గారు గోతి దగ్గర నిలబడి, సూర్యుణ్ణి చూసి మరీ దిక్కు సరిచూసుకున్నారు. కోరినట్టే పెట్టారు.

బూర మోగాక నాతో ఎవరికీ పనుండదు, ఏ పొయ్యిలోకో పోతాను. అయినా ఆ రోజు రావాలనే నాకూ ఉంది. దేవదూతలు ఏం పాడతారో నాకు తెలియదుగానీ, మా దొడ్డిలో మాత్రం ముందు తబితమ్మ కేకే వినబడుతుంది:

“లేవయ్యా! వచ్చేశాడు!”