గురువారం సూది

గిద్దలూరులో పప్పుధాన్యాల టోకు వ్యాపారం చేసే ఆదినారాయణకు ఏ సరుకు ఎన్నాళ్లు ఆగుతుందో చూపుతోనే తెలుస్తుంది. కందులు ఏడాది ఆగుతాయి. మిరపకాయలు వాన తగలకుండా ఉంటే ఆగుతాయి. బెల్లం ఆగదు. కూతురు సింధూజ కడుపు విషయంలో మాత్రం ఆ తెలివి పనికిరాలేదు. మొదటి బిడ్డ ఏడో నెల నిండకముందే పుట్టి పోయింది.

రెండోసారి నీళ్లోసుకున్నప్పుడు మార్కాపురం డాక్టరమ్మ ముందుగానే జాగ్రత్తపడింది. గర్భసంచి అంటే కండరమేనని, నెలలు నిండేదాకా ఒంట్లో ఊరే ఒక హార్మోను దాన్ని బిగుసుకోనీయకుండా నిద్రపుచ్చుతుందని, కానుపు దగ్గరపడ్డాక ఆ హార్మోను పట్టు సడలి, వేరేవి దాన్ని లేపుతాయని చెప్పింది. సింధూజకు ఆ నిద్ర ముందే చెదిరే ప్రమాదం ఉంది కాబట్టి ప్రతి గురువారం సూది వేయించాలి, తప్పకూడదు. కాపలావాడు అలిసిపోకముందే ఇంకొకణ్ణి పంపడం అన్నమాట అని ఆదినారాయణ తన భాషలోకి మార్చుకున్నాడు.

ఏడో నెలలో కూతుర్ని పుట్టింటికి తెచ్చుకున్నాడు. కంభం మీదుగా మార్కాపురానికి తనే కారులో తీసుకుపోయి సూదులు వేయించాడు. అలా ఉండగా ఒక గురువారం అమావాస్య వచ్చింది. అమావాస్యనాడు ప్రయాణం వద్దన్నాడు. మరునాడు శుక్రవారం. శుక్రవారంనాడు ఆడపిల్లను పుట్టింటి గడప దాటిస్తే ఆమె వెంట లక్ష్మి పోతుందని ఆ ఇంటి పట్టింపు.

"సూదికి తిథులేంది?" అన్నది భార్య రామతులసమ్మ. "శుక్రవారం ఉప్పు ప్యాకెట్టు కూడా అప్పియ్యని మనిషివి, కూతురిని యాడ పంపుతావులే."

మార్కాపురం నుంచి అల్లుడు ఫణికృష్ణ ఫోన్ చేశాడు. లారీ రెండు రోజులు ఆలస్యమైతే దుకాణం మూతపడదని, శనివారం పొద్దున్నే బయల్దేరతామని ఆదినారాయణ సర్దిచెప్పాడు.

శుక్రవారం దీపాలవేళ సింధూజ వంటింటి గోడ పట్టుకుని నిలబడింది. పొట్ట రాయిలా బిగుసుకుంటోంది, వదులుతోంది, మళ్లీ బిగుస్తోంది అంది. అప్పుడు ఆయనకు వారం గుర్తురాలేదు. పొద్దుటి నుంచి కాపాడిన పట్టింపును తనే తెంచుకుని కారు తీశాడు. కంభం దాటకముందే ఉమ్మనీరు పోయింది. మార్కాపురంలో నొప్పులు ఆపే మందు ఎక్కించారు. మేలుకున్న కండరం వినలేదు. మగపిల్లవాడు. ఒంగోలుకు అంబులెన్స్ సిద్ధమయ్యేలోపే బిడ్డ ఊపిరి ఆగిపోయింది.

వేళకు సూది పడినా కొందరికి ఇలాగే అవుతుందని, సూది తప్పినందువల్లే ఇలా జరిగిందని తాను చెప్పలేనని డాక్టరమ్మ అన్నది. రామతులసమ్మ వరండాలో ఆయన చేయి పట్టుకుంది. "పిల్ల అడిగితే ఆ మాటే చెప్పు. ఇంకేం చెప్పబాక."

అది కల్తీ లేని మాటే. కానీ తూకం తక్కువని ఆయనకు తెలుసు.

సింధూజ అడగనే అడిగింది. మూడోనాడు తల్లి కాఫీకి పోయినప్పుడు, సెలైన్ సీసా వైపు చూస్తూ అడిగింది. "నాయనా, గురువారమే పోయుంటే నిలిచేదా?"

బేరంలో ఎదుటివాడు నోరు తెరవకముందే జవాబు సిద్ధం చేసుకునే మనిషి, భార్య చెప్పమన్న మాట దగ్గర ఆగలేదు.

"నిలిచేదో లేదో డాక్టరమ్మకే తెలీదంట తల్లీ. నేను ఆపినాననేది నాకు తెలుసు."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. ఏదో ఒకటి అంటే భరించవచ్చని ఆయన కాచుకున్నాడు.

పక్క గదిలో ఎవరి బిడ్డో గుక్కపట్టి ఏడ్చింది. సింధూజ ఉలిక్కిపడి రొమ్ములకు అడ్డంగా చేతులు పెట్టుకుంది. నైటీ ముందుభాగం తడిసిపోతోంది. ఆ వెంటనే కడుపు పట్టుకుని ముడుచుకుపోయింది. ఆయన పరిగెత్తి నర్సును పిలుచుకొచ్చాడు. ఆమె పొట్ట నొక్కి చూసింది.

"భయం లేదు పెద్దాయనా. బిడ్డ ఏడుపు ఇంటే పాలు దిగుతాయి, పాలు దించే హార్మోనే సంచిని బిగిస్తాది. అది ముడుచుకోవాల్సిందే, మంచిదే."

నర్సు వెళ్లిపోయింది. మంచిదేనన్న ఆ నొప్పికి కూతురి పెదవులు తెల్లబడటం చూస్తూ ఆయన మంచం పక్కన నిలబడ్డాడు. పక్క గదిలో ఏడుపు ఆగలేదు.

"ఆ తలుపు మూయి నాయనా," అన్నది సింధూజ.

వెళ్లి గడియ పట్టుకున్నాడు. తలుపు మూసి తాను లోపల ఉండాలో, బయట ఉండాలో కూతురిని అడిగే ధైర్యం లేక అలాగే నిలబడిపోయాడు.