గ్యాసు బండ మెడ మీది శాసనం

రాళ్ల మీద చెక్కిన శాసనాలు రాజులు గెలిచిన యుద్ధాలను చాటుతాయి. రాగిరేకుల మీది శాసనాలు వారు దానమిచ్చిన మాన్యాలను చాటుతాయి. కాని ఒకచోట వంశకీర్తిగాను, అక్కడికి నాలుగు మైళ్ల దూరంలో మరణశిక్షగాను చెల్లుబాటయ్యే భాగ్యం మానవజాతి చరిత్రలో గ్యాసు బండ మెడ మీది అంకెకు తప్ప మరే శాసనానికీ దక్కలేదు.

కారు వెనక లాక్కుపోయే చక్రాల ఇల్లు, అదే వెర్లీన్ హాఫ్‌స్టెటర్ గారి ట్రెయిలరు, ముక్కు మీద, కారుకు తగిలించే కొక్కేనికి కాస్త వెనకగా, కవలపిల్లల్లా నిలబడిన రెండు బండల మెడల మీద ఆ అంకె 4-61. అనగా పందొమ్మిది వందల అరవై ఒకటి, ఏప్రిల్ మాసం. ట్రెయిలరు జననమూ ఆ ఏడే. ఏటా జూన్ రెండో వారంలో మా ఇండియానా పాత ట్రెయిలర్ల క్లబ్బు జిల్లా సంత మైదానంలో కొలువుదీరినప్పుడు పెద్దమనుషులు ఆ అంకె ముందు వంగి టోపీలు తీసేవారు. మైదానానికి నాలుగు మైళ్ల దూరంలో ఉన్న గ్యాసు దుకాణంలో మాత్రం అది నేరస్థుడి నుదుటి మీది ముద్ర. బండకు పన్నెండేళ్లు నిండితే పరీక్షకు పోవాలనీ, పాతకాలపు గుండ్రటి తిప్పుడు పిడి ఉన్నదాన్ని అసలే నింపకూడదనీ చట్టం.

ఇన్నేళ్లూ ఆ చట్టం వెర్లీన్ జోలికి రాలేదు. దుకాణంలో ఉండే ఎల్‌వుడ్ అనే పెద్దాయనకు కళ్లజోడు లేనిదే అంకెలు కనబడవు. వెర్లీన్ బండి వచ్చి ఆగిందంటే ఆయన కళ్లజోడు ఎక్కడో మరిచిపోయేవాడు. ఈ మార్చిలో ఆయన రిటైరై ఫ్లోరిడా వెళ్లిపోయాడు. ఒక యుగం అంతరించింది.

బడి వంటశాలలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు గరిటె తిప్పి విశ్రమించిన వెర్లీన్‌కు ఈ భూమ్మీద ఇక మిగిలిన కోరిక ఒక్కటే: క్లబ్బు పోటీల్లో, ఏ భాగమూ మార్చని ట్రెయిలర్లకుండే 'పుట్టినది పుట్టినట్టు' అనే విభాగంలో మొదటి బహుమతిగా ఇచ్చే నీలం రిబ్బను. వరసగా ఆరేళ్లు ఆమెకు రెండో స్థానపు ఎర్ర రిబ్బనే వచ్చింది. నీలం ఆరుసార్లూ లోవెల్ క్రాట్జ్ పాలైంది. పోటీలో న్యాయనిర్ణేత కళ్లెదుట ట్రెయిలరులోని పొయ్యి వెలగాలన్నది నియమం. పోటీ శనివారం. బండలు ఖాళీ అయినట్టు తెలిసింది గురువారం.

ఎల్‌వుడ్ స్థానంలో డెస్మండ్ అనే నడివయసు మనిషి ఉన్నాడు. కళ్లజోడును గొలుసుతో మెడకే వేలాడదీసుకొనే జాతి. బండ మెడ మీది శాసనాన్ని పురావస్తు శాఖాధిపతి వలె వేలితో తడిమి, తల ఊపాడు.

"అమ్మా, ఈ బండ నాకంటే పెద్దది."

"పెద్దల్ని గౌరవించమని మీ అమ్మ చెప్పలేదూ?" అంది వెర్లీన్.

"చెప్పింది. పెద్దల్లో గ్యాసు నింపమని మాత్రం చెప్పలేదు. పిడి చూడండి, గుండ్రం. ఇప్పుడు మూడు మూలల పిడి ఉండాలి. అలాంటివైతే నిండగానే వాటంతటవే ఆపేసుకుంటాయి."

"ఆ పిడి మా ఆయనకీ ఒకటి బిగించు. ఆదివారం భోజనాల దగ్గర పనికొస్తుంది."

కారు దగ్గర నిలబడ్డ భర్త ఓరిన్ ఇది విననట్టు ఆకాశం చూశాడు.

"ఇవి ఇక్కడ వదిలేసి వెళ్లండమ్మా. చిల్లు పొడిచి పాత ఇనుములో పడేస్తాం," అన్నాడు డెస్మండ్ ఉదారంగా.

వెర్లీన్ రెండు బండలనూ చెరో చంకలో ఇరికించుకుంది. మరో పది నిమిషాలకు హాఫ్‌స్టెటర్ దంపతులు రెండు ఖాళీ పురాతనాలతోను, గ్యాసు నిండిన ఒక తెల్లటి కొత్త బండతోను మైదానానికి తిరిగి వచ్చారు. బండను దుప్పటిలో చుట్టి దింపుతుండగా లోవెల్ క్రాట్జ్ కాఫీ కప్పుతో ఎదురయ్యాడు.

"ఏంటి వెర్లీన్, పాపాయా?"

"ఇంటికి. మాంసం కాల్చుకునే పొయ్యికి బండ."

"అదేలే. పోటీ బండికి తగిలిస్తావేమోనని హడలిపోయాను. బండ మారితే బండి మారినట్టే, తెలుసుగా. సగం మార్కులు హుళక్కి."

"మరి నీ బండలకూ అరవై ఏళ్లేగా. ఎవరు నింపుతున్నారు?"

"ఒహాయోలో మా బావమరిదికి గ్యాసు కొట్టుందిలే. పాపం, వాడికి కళ్లు సరిగా ఆనవు," అన్నాడు లోవెల్, కాఫీ ఊదుకుంటూ. "ఏడో రిబ్బనుకి గోడకి మేకు కూడా కొట్టేశాను."

ధర్మసంకటం అంటే ఇదే. పాత బండ పెడితే పొయ్యి వెలగదు; కొత్త బండ పెడితే కీర్తి వెలగదు. రాజ్యాలు కూలిన సందర్భాల్లో కూడా ఇంతకంటె ఇరుకైన సందు చరిత్రలో కనబడదు. ఆ సందులోంచి దారి చూపినవాడు ఓరిన్. సగటున వారానికి ఒక ఆలోచన చేసే మనిషి.

"గ్రేవీ ఇల్లుందిగా," అన్నాడు.

గ్రేవీ వారి కుక్క. పొట్టి కాళ్లతో, నేల ఊడ్చే చెవులతో, లోకమంతా తనకు అన్యాయం చేసిందనే ముఖంతో తిరిగే జీవి. ట్రెయిలరు ముక్కు పక్కనే దానికొక నీలం ప్లాస్టిక్ ఇల్లు ఉంది. పాత బండలు వాటి సింహాసనం మీద అలంకారంగా ఉంటాయి. కొత్త బండ కుక్క ఇంట్లో అజ్ఞాతవాసం చేస్తుంది. ఒక పొడవాటి గొట్టం గడ్డిలోంచి, ట్రెయిలరు కిందనుంచి పోయి గ్యాసు అందిస్తుంది. ఇదీ పన్నాగం.

దుకాణం నుంచి రాగానే వెర్లీన్ అలవాటుగా పాత బండకు మళ్లీ బిగించేసిన గొట్టాన్ని మొదట విప్పాలి. ఓరిన్ పెద్ద రెంచీ పట్టాడు. పక్క ట్రెయిలరు నాదే కాబట్టి నేనూ ఒక చెయ్యి వేశాను. నలభై నిమిషాలు ఇద్దరం వంతులవారీగా పెనుగులాడాం. తుప్పు గురించి, పూర్వీకుల పనితనం గురించి, నేటి ఉక్కు నాణ్యత గురించి గంభీరమైన అభిప్రాయాలు వెలిబుచ్చుకున్నాం. నట్టు చలించలేదు.

వెర్లీన్ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"ఏవైపు తిప్పుతున్నారయ్యా?"

"ఊరంతా తిప్పే వైపే," అన్నాడు ఓరిన్.

"గ్యాసు నట్టుకి ఎదురు మర ఉంటుంది. ఇందాకట్నుంచి మీరిద్దరూ దాన్ని బిగిస్తున్నారు."

ఓరిన్ నట్టును వేలితో మీటి చూశాడు. "అయితే బాగా బిగిసుంటుంది," అన్నాడు తృప్తిగా.

ఆమె రెంచీ లాక్కొని, దాని కొస మీద కూర్చున్నంత పని చేసింది. నట్టు కీచుమని లొంగిపోయింది. తర్వాత గొట్టాలన్నీ కలిపి, అతుకుల మీద సబ్బునురగ పూసి చూశాం. ఒక్క బుడగ కూడా లేవలేదు. గ్రేవీ తన ఇంటి గుమ్మంలోంచి లోపలికి చూసి, అద్దెకు దిగిన తెల్లటి కొత్తవాడిని గమనించి, మా ముగ్గురి వైపూ తిరిగి నిట్టూర్చింది.

శనివారం ఉదయం వాన మొదలైంది.

న్యాయనిర్ణేత థర్మన్ ఈడ్స్ గొడుగు, మార్కుల కాగితం బిగించిన అట్ట, భూతద్దం ధరించి విచ్చేశాడు. పాత బండల ముందు ఆగి, వంగి, 4-61 చదివి, వానలోనే టోపీ తీశాడు. వెర్లీన్ ఆయన్ను పొయ్యి దగ్గరికి పిలిచింది. లోపలికి వెళ్లి అగ్గిపుల్ల గీసింది. పొయ్యి భగ్గున అందుకుంది. మంట నీలంగా, గుండ్రంగా, మడతల్లేకుండా వెలిగింది. ఆ నీలంలో ఆమెకు రిబ్బనే కనబడి ఉంటుంది, కళ్లు చెమర్చాయి.

ఈడ్స్ అట్ట మీద ఏవేవో గుర్తులు పెట్టుకుంటూ బయటికి వచ్చి, ఆగాడు.

"మీ కుక్క వానలో కూర్చుందేం?"

"వానంటే ఇష్టమండీ," అన్నాడు ఓరిన్.

గ్రేవీ సన్నగా ఏడ్చింది.

"వణుకుతోంది కదా?"

"సంతోషంతో," అంది వెర్లీన్.

"ఇల్లుందిగా. లోపలికి వెళ్లమనండి."

"చెప్పిచూశామండీ. దానికి కాస్త స్వతంత్ర బుద్ధి."

సత్యాన్వేషణ సులభం కాదు. దానికి మోకాళ్లు కావాలి. ఈడ్స్ తన డెబ్బై రెండేళ్ల మోకాళ్లు రెంటినీ టపటపమనిపిస్తూ వంగి, కుక్క ఇంట్లోకి తల పెట్టాడు. చాలాసేపు తల బయటికి రాలేదు.

"ఎల్‌వుడ్ రిటైరైపోయాడండీ," అంది వెర్లీన్ ఉన్నట్టుండి, అన్నిటికీ అదే సమాధానమైనట్టు. ఇక కట్ట తెగింది. "పాతవాటిని నింపరట. కొత్తవి పెడితే మీరు మార్కులు కోస్తారట. నన్నేం చెయ్యమంటారు? ఆరు ఎర్ర రిబ్బన్లున్నాయి నా దగ్గర. ఏడోది ఇచ్చారంటే ఈ కుక్క మెడకే కడతాను, చెబుతున్నా!"

ఈడ్స్ లేచి, మోకాళ్లు దులుపుకొని, అట్ట మీద ఒక్క ముక్క రాశాడు.

"కుక్కని తుడవండమ్మా, జలుబు చేస్తుంది," అని పక్క ట్రెయిలరుకు వెళ్లిపోయాడు.

సాయంత్రం నాలుగింటికి డేరాలో ఫలితాలు చదివారు. లోవెల్ క్రాట్జ్, తొంభై ఒకటి. వెర్లీన్ హాఫ్‌స్టెటర్, తొంభై. చట్టానికీ సంప్రదాయానికీ నడుమ నలిగిన వీరవనితగా ఆమె మా క్లబ్బు చరిత్రలో నిలిచిపోబోతున్నదని మాకందరికీ అనిపించింది. ఒకరిద్దరు లేచి నిలబడ్డారు కూడా. వెర్లీన్ కుర్చీల మధ్యగా నడిచి, ఈడ్స్ ఎదుట చెయ్యి చాపింది.

"ఆ కాగితం ఇలా ఇవ్వండి. బండలకి ఎన్ని కోశారో చూడాలి."

"ఏ బండలమ్మా?" అన్నాడు ఈడ్స్.

ఆమె భుజం మీదుగా నేనూ చదివాను. కాగితంలో నలభై మూడు గడులున్నాయి. తలుపు బందులు, తెరల కొక్కేలు, పొయ్యి, సింకు, పైకప్పు రేకు. అన్నిటికీ నిండు మార్కులో, ఒకటి అరా తక్కువో. చిట్టచివరి గడిలో 'ఆవరణ' అని ఉంది; దాని ఎదుట ఈడ్స్ చేతిరాత: "ప్లాస్టిక్ కుక్క ఇల్లు, ఆ కాలానిది కాదు, రెండు తగ్గింపు."

గ్యాసు బండలకు గడి లేదు.