ఈ ఏడాది నా వంతు

బియ్యపు కల్లు వాసన.

కుండ మూత తీయగానే పుల్లగా, తియ్యగా ముక్కుకి కొట్టింది.

నలభై రోజులు కాచుకున్నాను దాన్ని. రోజూ కుండకి చెవి ఆనించి విన్నాను... లోపల బుడబుడమంటోందా, ఆగిందా అని. నాన్నకి ఇష్టమైన కల్లు. నాన్న పోయిన రోజుకని పెట్టిన కల్లు.

ఈ ఏడాది నా వంతు.

మా నాక్‌దోంగ్ నది ఒడ్డున తద్దినాలు వంతులవారీగా సాగుతాయి. ఓ ఏడు కొడుకు. ఓ ఏడు కూతురు. ఎవరి వంతైతే వాళ్ళే వండుతారు, వాళ్ళే కల్లు పోస్తారు, వాళ్ళే ముందు మొక్కుతారు. అమ్మని కన్న తాతకి అమ్మే పోసింది. ఎవరూ నోరెత్తలేదు. ఈ ఇల్లు కూడా అమ్మదే — నాన్న ఇల్లరికం వచ్చాడు, ఊళ్ళో మగాళ్ళందరిలాగే. నా మొగుడూ అంతే.

తెల్లారేసరికి తమ్ముడు యున్బో దిగాడు. రాజధాని హన్యాంగ్ నుంచి. పరీక్ష నెగ్గి రాజుగారి కొలువులో చేరినవాడు. నెత్తిన నల్ల టోపీ. చంకలో పుస్తకం.

చీనా పుస్తకం.

పెళ్ళి ఎలా చెయ్యాలి, చావు ఎలా చెయ్యాలి, ఎవరు ఎటు నిలబడాలి — అన్నీ అందులో ఉన్నాయట. రెండొందల ఏళ్ళ కిందట అక్కడి పెద్దమనిషెవరో చెప్పాడట. ఆ పెద్దమనిషి మా నదిని చూశాడా? మా నాన్నని చూశాడా?

"అక్కా, నువ్వు వంటింట్లో ఉండు," అన్నాడు.

"ఎందుకురా?"

"పోసేది నేను. ఇకమీద ఏటా నేనే. పెళ్ళైన ఆడపిల్లది వేరే వంశం అక్కా. నువ్వు పోస్తే నాన్నకి చేరదు."

చేరదట!

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. జ్వరంతో పడి ఉన్న నాన్న నోట్లో గంజి పోసిన చెయ్యి ఇది. అప్పుడు చేరింది. అప్పుడు వీడు హన్యాంగ్‌లో కూర్చుని అక్షరాలు బట్టీ కొడుతున్నాడు.

అమ్మవైపు చూశాను. అమ్మ పళ్ళెం తుడుస్తోంది. తుడిచిన పళ్ళేన్నే తుడుస్తోంది. కొడుకు టోపీ చూసి భయపడిందో, మురిసిపోయిందో... ఏదైనా నాకు కోపమే.

యున్బో బల్ల సర్దుతున్నాడు. పుస్తకం చూడటం, ఓ గిన్నె జరపడం. నాన్న లొట్టలేసుకు తినే వెల్లుల్లి చేపని పక్కకి తోసేశాడు — పుస్తకంలో లేదట. మధ్యలో ఓ చెక్క పలక నిలబెట్టాడు. దాని మీద చీనా అక్షరాల్లో నాన్న పేరు. నాన్నకి ఒక్క అక్షరం రాదు. తన పేరు తనే చదువుకోలేని మనిషి, పాపం, వచ్చి ఆ పలకలో కూర్చోవాలట.

కాసేపటికి వాడి చెయ్యి ఆగింది. పుస్తకంలో ఏదో పండు పేరుంది. "ఇది మన దగ్గర పండదే," అని గొణుక్కున్నాడు. మా పెరట్లో కాసిన నాలుగు ఎండు పెర్సిమన్ పళ్ళు తీసి ఆ చోట పెట్టాడు.

"ఇవే అవనుకుందాం."

అనుకుందామట!

కుండ చంకనెత్తుకుని వంటింటి గడప దాటాను.

"ఒరేయ్ యున్బో! ఆ పండు లేకపోతే ఈ పండుతో సరిపెట్టుకుంటాడు నాన్న. కూతురి చేత్తో మాత్రం సరిపెట్టుకోడా?"

వాడు పుస్తకం తెరిచాడు.

ఓ కాగితం తిప్పాడు. ఇంకో కాగితం తిప్పాడు.

నేను ఆగలేదు. గిన్నె నిండా పోసి బల్ల మీద పెట్టాను. తాగు నాన్నా, అన్నాను పైకే.

వాడు ఆ గిన్నె తీశాడు. రెండు చేతుల్తో, మర్యాదగా. వాకిట్లో మట్టిలో ఒంపేశాడు. మళ్ళీ నా కుండలోంచే నింపాడు.

నా కల్లే. నా నలభై రోజులే. చెయ్యి మాత్రం వాడిది.

వాడు మొక్కాడు. అమ్మ మొక్కింది. నా మొగుడూ మొక్కాడు, చేతకాని మనిషి! నేను మొక్కలేదు. నాన్న ఎదుట వంగకుండా నిలబడ్డాను — పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. అదీ వీడే చేయించాడు నాచేత.

నా కూతురు, పేరు గన్నాని, వచ్చి నా లంగా పట్టుకు లాగింది. ఆరేళ్ళు దానికి.

"అమ్మా, నా వంతు ఎప్పుడొస్తుందే?"

"పిల్లకి ఇవన్నీ నేర్పకక్కా," అన్నాడు యున్బో. మెల్లగానే అన్నాడు. ప్రేమగానే అన్నాడు... అదే నా మంట. "రేపు దానికి వీటితో పని ఉండదు."

నేర్పాను.

అప్పుడే. అక్కడే. వాడి పలక ఎదురుగా. కుండ మెడ మీద కుడిచెయ్యి, అడుగున ఎడంచెయ్యి. కొంచెం కొంచెంగా. చప్పుడు కాకూడదు. పిల్ల కుండ వంచింది. కల్లు తొణికి పలక మీద పడింది. నాన్న పేరు తడిసి సిరా కారింది.

"అక్కా!" అని అరిచాడు వాడు. అమ్మ గుడ్డ పట్టుకుని లేచింది — ఎవరివైపు వస్తోందో తెలీలేదు.

"మళ్ళీ పొయ్యవే," అన్నాను.